మా హైస్కూల్‌కు వీఆర్ హెడ్‌సెట్లు ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా? తీసుకుంటే పాఠంలో ఎలా వాడాలి?

నంద్యాల బయాలజీ టీచర్

అందరికీ నమస్కారం. నేను నంద్యాల జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. సర్వీసులోకి వచ్చి పదిహేడేళ్లు. ఒక విషయంలో మీ అనుభవం కావాలి.

మా బడిలో 1998లో పదో తరగతి పాసైన బ్యాచ్ వాళ్లు ఈ సంక్రాంతికి ఊళ్లో కలుసుకున్నారు. బడికి ఏదైనా చేయాలని తలా కొంత వేసుకున్నారు. వాళ్లలో ఒకాయన "పిల్లలకు వీఆర్ హెడ్‌సెట్లు పది కొనిద్దాం, మనం చూడనివి వాళ్లు చూస్తారు" అన్నారట. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, ఆ హెడ్‌సెట్ కళ్లకు పెట్టుకుంటే దృశ్యం మధ్యలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. అందరికీ నచ్చింది. హెడ్మాస్టర్ గారు నన్ను పిలిచి, "మేడమ్, మీరు సైన్సు కదా, మనకు ఎంతవరకు పనికొస్తాయో చూసి చెప్పండి" అన్నారు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ప్రేమతో ఇస్తామంటుంటే వద్దని ఎలా అంటాం? సరేనని తీసుకున్నాక ఏడాది తిరిగేసరికి అవి బీరువాలోకి వెళ్లిపోతే, ఆ డబ్బుకు నేనే కదా జవాబు చెప్పాలి.

నేను వీఆర్ ఒక్కసారే పెట్టుకున్నాను. ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ల ఎగ్జిబిషన్‌కు పిల్లలను తీసుకెళ్లినప్పుడు. మనిషి గుండె లోపల నిలబెట్టారు. నా తల మీద కవాటం తెరుచుకుని మూసుకుంటోంది. ఎర్ర రక్తకణాలు చిన్న చిన్న పళ్లేల్లా నా పక్క నుంచి పోతున్నాయి. పదిహేడేళ్లుగా నల్లబల్ల మీద నాలుగు గదులు గీసి చెబుతున్న గుండె అది. తీసేశాక కాసేపు నాకు మాట రాలేదు.

కానీ అదే రోజు ఇంకో సంగతి జరిగింది. నా తర్వాత మా పదో తరగతి అమ్మాయి పెట్టుకుంది. తీశాక "ఏ గదిలో ఉన్నావమ్మా?" అని అడిగాను. "ఎడమ జఠరికలో మేడమ్" అంది. జఠరిక అంటే గుండె కింది గది. ఎలా తెలిసిందంటే "నాకు ఎడమ పక్కన ఉంది కదా" అంది. గుండె లోపల నిలబడి వెనక్కి తిరిగితే కుడి ఎడమ అవుతుంది. అసలు పుస్తకంలో బొమ్మ దగ్గరే పిల్లలు తడబడతారు. బొమ్మలో మనకు ఎడమ పక్కన కనిపించేది గుండె కుడి భాగం. ఆ బొమ్మ మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది అని ఏటా చెబుతాను. ఏటా చాలామంది తారుమారు చేస్తారు. వీఆర్‌లో ఆ చిక్కు తీరుతుందనుకుంటే ఇంకో మెలిక పడింది.

ఇప్పుడు నేను చేసేదేమిటంటే, ఆ పాఠం వచ్చినప్పుడు మటన్ కొట్టులో ముందే చెప్పి రెండు మేక గుండెలు తెప్పిస్తాను. బల్ల మీద పేపర్లు పరిచి కోసి చూపిస్తాను. ఎడమ జఠరిక గోడ ఎంత మందమో, కుడిది ఎంత పలచనో వేలితో నొక్కి చూడమంటాను. ఊపిరితిత్తుల దాకా పంపే పంపుకీ ఒళ్లంతా పంపే పంపుకీ తేడా వాళ్లకు వేలి కింద తెలుస్తుంది. దీనికన్నా హెడ్‌సెట్ ఎక్కువ ఏం చేస్తుందన్నది నా అసలు ప్రశ్న.

మిగతావి కూడా ఉన్నాయి. తరగతికి 42 మంది, పీరియడ్ 45 నిమిషాలు, హెడ్‌సెట్లు పది. ఎలా తిప్పాలి? కళ్లకు ఏమైనా అవుతుందా? వాటిలో మాట్లాడే గొంతు ఇంగ్లీషు. మా పిల్లలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు చదువుతున్నారు. ఆ విదేశీ ఇంగ్లీషు ఆ వేగంతో వస్తే వాళ్లకు అందదు. తరగతిలో నిజంగా వాడినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

శ్రీకాకుళం రిటైర్డ్ పీఎస్ మాస్టారు

అమ్మా, మీ మేక గుండె సంగతి చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ముప్పై ఒక్క ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. 2018లో మా బడిలో వీఆర్ వాడాను. ఖరీదైన హెడ్‌సెట్లు కావు, గూగుల్ కార్డ్‌బోర్డ్ అని అట్టపెట్టె, రెండు కటకాలు, మధ్యలో ఫోన్ పెట్టుకునే రకం. ఆ డిజైన్ 2014లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు. నేను ఆన్‌లైన్‌లో ఇరవై తెప్పించాను. ఫోన్లు మా స్టాఫ్‌వి అడిగి తీసుకున్నాను.

మొదటి రోజు దెబ్బ ఫోన్ల దగ్గర తగిలింది. పదకొండు ఫోన్లలో నాలుగింటిలో తల తిప్పినా బొమ్మ తిరగలేదు. గంటసేపు తల పట్టుకున్నాక అర్థమైంది, వాటిలో గైరోస్కోప్ లేదు. తక్కువ ధర ఫోన్లలో చాలాసార్లు అది పెట్టరు. తల ఎటు తిరిగిందో ఫోన్‌కు తెలియాలంటే అదే కావాలి.

రెండో తప్పు పూర్తిగా నాది. పిల్లలు సరదా పడతారని ముందుగా రోలర్ కోస్టర్ వీడియో పెట్టాను. ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు రెండు నిమిషాల్లో వాంతి చేసుకున్నాడు. వాడికి నీళ్లు తాగించి పడుకోబెట్టాక చాలా బాధపడ్డాను. కళ్లేమో ‘కదులుతున్నాం’ అంటాయి. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార కుల్యలు ‘కదలట్లేదు’ అంటాయి. రెంటికీ పొత్తు కుదరక మెదడు తికమక పడి కడుపు తిప్పుతుంది. బస్సులో పుస్తకం చదివితే వచ్చే వికారమూ ఇదే, కాకపోతే అక్కడ చెవి కదులుతున్నామంటుంది, కన్ను లేదంటుంది. ఆ తర్వాత నిలకడగా ఉండే దృశ్యాలే పెట్టాను. పిల్లలను కుర్చీలో కూర్చోబెట్టాను. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలకు మించనివ్వలేదు. మళ్లీ ఎవరికీ అలా కాలేదు.

ఇప్పుడు మంచి సంగతి చెబుతాను. మా పిల్లలు వీఆర్ నుంచి ఎక్కువ నేర్చుకున్నది ఏ దృశ్యం చూసీ కాదు, ఆ అట్టపెట్టెను విప్పి. పదో తరగతిలో కుంభాకార కటకం పాఠం ఉంది కదా. పెట్టెలోంచి కటకం తీసి, కిటికీకి ఎదురుగా పట్టుకుని, బయటి కొబ్బరిచెట్టు ప్రతిబింబాన్ని గోడ మీద పట్టాం. చెట్టు తలకిందులుగా, చిన్నదిగా పడింది. స్కేలు పెట్టి కొలిస్తే నాభ్యంతరం, అంటే కటకం నుంచి వెలుగు కలిసే చోటి (నాభి) దాకా దూరం, నాలుగున్నర సెంటీమీటర్ల దగ్గర వచ్చింది. "మరి ఫోన్ కటకానికి ఎంత దూరంలో ఉంది?" అని అడిగాను. కొలిచారు. దానికన్నా కాస్త తక్కువ. వస్తువు నాభికి, కటకానికి మధ్య ఉంటే ఏమవుతుంది? పెద్దదైన, నిటారుగా ఉన్న మిథ్యా ప్రతిబింబం, అంటే గోడ మీద పట్టలేనిది. ఒక ఆడపిల్ల లేచి "అంటే మాస్టారూ, ఇందులో కనిపించేదంతా మిథ్యా ప్రతిబింబమేనా, అందుకే వర్చువల్ రియాలిటీని మిథ్యా వాస్తవం అంటారా?" అంది. ఆ రెండు మాటలూ ఒక చోట కలిపి నేను అంతవరకు ఆలోచించలేదు. ఆ పిల్ల ప్రశ్న నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ అని ఒక యాప్ ఉండేది. మాస్టారి చేతిలో ట్యాబ్, పిల్లల చేతుల్లో పెట్టెలు. నేను ఒక చోట వేలు పెడితే పిల్లలకు ఆ వైపు బాణం గుర్తు కనిపించేది. ఎవరు ఎటు చూస్తున్నారో నాకు చిన్న ముఖాల బొమ్మలుగా తెలిసేది. పాఠం చెప్పేవాడికి అంతకన్నా ఏం కావాలి! ఆ యాప్ 2021 జూన్ 30తో ఆగిపోయింది. అందులోని యాత్రలు చాలావరకు గూగుల్ వాళ్ల ఇంకో యాప్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లోకి వెళ్లాయి, కానీ మాస్టారు నడిపించే ఆ పద్ధతి వెళ్లలేదు. అందుకని మీకు చెప్పేది, ఒకే యాప్‌ను నమ్ముకుని డబ్బు పెట్టకండి. హెడ్‌సెట్‌లో దాచుకుని నెట్ లేకుండా చూపించగలిగేవి ఏమున్నాయో ముందు అడగండి.

ఇంకొక్క మాట. మీది నంద్యాల జిల్లా. బేలుం గుహలు మీ కొలిమిగుండ్ల మండలంలోనే ఉన్నాయి. 3,229 మీటర్ల గుహ. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా మారడం పదో తరగతి ప్రయోగమే. ఆపకుండా ఊదుతూ ఉంటే మళ్లీ తేటపడుతుంది. కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువైతే కరగని సున్నపురాయి కరిగే బైకార్బనేట్ అవుతుంది. బేలుంను నీళ్లు తొలిచింది ఆ లెక్క ప్రకారమే. పరీక్షనాళికలో అది చూసిన పిల్లను ఆ గుహలోకి తీసుకెళ్లి నిలబెడితే ఆ సమీకరణం జన్మలో మరిచిపోదు. దానికి హెడ్‌సెట్ వద్దమ్మా, బస్సు చాలు. దగ్గరున్న వాటికి బస్సు, వెళ్లలేని వాటికి హెడ్‌సెట్. నేనైతే దాతలకు ఇదే చెబుతాను.

కడప ఆప్టోమెట్రిస్ట్

కళ్ల గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను మేడమ్.

అయిదు, పది నిమిషాల వాడకానికి భయపడాల్సింది లేదు. కళ్లు అలసిపోవడం, తలనొప్పి, కాసేపు మసక మాత్రం కొందరికి వస్తాయి. హెడ్‌సెట్‌లో తెర ఎప్పుడూ ఒకే దూరంలో ఉన్నట్టు కంటి కటకం సర్దుకుంటుంది. కానీ బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరగాలి. మామూలుగా ఈ రెండు పనులూ కలిసే జరుగుతాయి. ఇక్కడ విడిపోతాయి. శ్రమ అక్కడే. ముఖానికి మరీ దగ్గరగా వచ్చే దృశ్యాలు వద్దు.

రెండు కళ్లపాపల మధ్య దూరం పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పిల్లల్లో తక్కువ. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2 లాంటి వాటిలో 58, 63, 68 అని మూడు మెట్లే ఉన్నాయి. పిల్ల "మసగ్గా ఉంది" అంటే ముందు ఆ మెట్టు మార్చి చూడండి. కళ్లద్దాల పిల్లలను అద్దాలు తీయమనకండి. అద్దాల మీద పట్టే హెడ్‌సెట్టే తీసుకోండి.

మూర్ఛ ఉన్న పిల్లలకు పెట్టొద్దు. తల్లిదండ్రులను ముందే అడిగి రాసిపెట్టుకోండి. కళ్లకలక రోజుల్లో అసలు బయటికి తీయొద్దు. మిగతా రోజుల్లో ముఖానికి తగిలే చోట ఒక్కొక్కరి తర్వాత తుడవాలి.

ఒకటి మాత్రం తప్పకుండా గమనించండి. అందరూ "దగ్గరికొచ్చింది, దూరంగా ఉంది" అంటుంటే ఏ పిల్లాడైనా "నాకు మామూలు టీవీలాగే ఉంది" అంటే వాణ్ణి దాటేయకండి. రెండు కళ్లూ కలిసి పనిచేయట్లేదేమో, ఒక కన్ను మందగించిందేమో చూపించాలి. మా దగ్గరికి పద్నాలుగేళ్లకు వచ్చే పిల్లలున్నారు. ఒంటికన్నుతో చదువుకుంటున్నారని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

హైదరాబాద్ వీఆర్ డెవలపర్

నమస్తే మేడమ్. ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ట్రైనింగ్ కోసం వీఆర్ తయారుచేసే పనిలో ఆరేళ్లుగా ఉన్నాను. మాస్టారు గారు చెప్పిన బస్సు మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఈ వృత్తిలో ఉండి ఒప్పుకుంటున్నాను.

పది వద్దు, మూడో నాలుగో చాలు. పదింటిని చార్జ్ చేయడం, అప్‌డేట్ చేయడం, ఒక్కోదానికి అకౌంట్ చూసుకోవడం ఒక మనిషికి సగం రోజు పని. ఒకసారి చార్జ్ చేస్తే రెండు గంటలు, మహా అయితే మూడు గంటలు. పిల్లలు చేరిన రోజు పొద్దున్నే ‘అప్‌డేట్ అవుతోంది’ అని ఆగిపోతే మీ పీరియడ్ పోయినట్టే. అందుకని ముందురోజు సాయంత్రమే అన్నీ ఒకసారి ఆన్ చేసి చూసుకోవాలి. వయసు విషయం కూడా ఉంది. మెటా వాళ్ల హెడ్‌సెట్లకు మొదట 13 ఏళ్లు నిండాలనేవారు, 2023 నుంచి 10 నుంచి 12 ఏళ్ల పిల్లలకు తల్లిదండ్రుల అదుపులో ఉండే అకౌంట్లు ఇచ్చారు. అకౌంట్లు బడి పేరుతో పెద్దవాళ్లే తెరిచి చూసుకోవాలి, పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వొద్దు.

ఎండ గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. హెడ్‌సెట్‌ను వరండాలో కటకాలు పైకి ఉండేలా పెట్టి రెండు నిమిషాలు వదిలితే తెర కాలిపోతుంది. మాస్టారు కొబ్బరిచెట్టు ప్రతిబింబం పట్టిన కటకమే ఎండనూ పడుతుంది. మీ నంద్యాల ఎండలో ఇంకా త్వరగా. వాడనప్పుడు కటకాల మీద గుడ్డ కప్పి, బోర్లా పెట్టించండి.

తెలుగు సమస్యకు నేను చూసిన మంచి దారి ఒకటి ఉంది. హెడ్‌సెట్‌లో సౌండ్ పూర్తిగా తీసేయండి. పిల్ల చూస్తున్నది మీ తరగతిలోని ఐఎఫ్‌పి ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ తెర) మీద కూడా కనిపించేలా పెట్టుకోవచ్చు. రెంటికీ ఒకే వైఫై ఉంటే చాలు. అప్పుడు ఒకరు లోపల ఉంటారు, 41 మంది తెర మీద చూస్తారు, మీరు తెలుగులో చెబుతారు. ఆ గొంతు మీదే అయితే పిల్లలకు భయం కూడా ఉండదు.

ఇక అసలు ప్రశ్న, నేర్పుతుందా అని. మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నేను రెండు పరిశోధనలు చదివిస్తాను. కోపెన్‌హాగన్ యూనివర్సిటీలోని మక్రాన్‌స్కీ బృందం 2019లో ఒకే సైన్స్ ల్యాబ్ పాఠాన్ని కొందరికి వీఆర్‌లో, కొందరికి మామూలు కంప్యూటర్ మీద ఇచ్చింది. వీఆర్ వాళ్లకు అక్కడే ఉన్నామన్న భావన ఎక్కువ కలిగింది, నేర్చుకున్నది మాత్రం తక్కువ. చుట్టూ చూడటానికే మెదడు పని సరిపోయింది. 2018లో కాలిఫోర్నియాలో పరోంగ్, మేయర్ అనే ఇద్దరు శరీరం గురించిన వీఆర్ పాఠాన్ని స్లైడ్లతో పోల్చారు. నేర్చుకోవడంలో స్లైడ్లే గెలిచాయి, ఆసక్తిలో వీఆర్. కానీ వాళ్లు ఇంకొకటి చేశారు. వీఆర్ పాఠాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క తర్వాత ఆపి, చూసింది సొంత మాటల్లో రాయమన్నారు. అలా రాసినవాళ్లు, ఆపకుండా చూసినవాళ్లకన్నా బాగా నేర్చుకున్నారు. ఇది మీకు పైసా ఖర్చు లేని పని. నోటుబుక్కు చాలు.

పల్నాడు సోషల్ టీచర్

సైన్సు వాళ్ల మధ్యలోకి వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అనుభవం కొంచెం వేరు.

మాకు అమరావతి దగ్గరే. ఏటా ఎనిమిదో తరగతిని తీసుకెళ్తాం. వెళ్లిన ప్రతిసారీ పిల్లలు అడిగేది ఒకటే, "స్తూపం ఏది టీచర్?" అక్కడ మిగిలింది గుండ్రటి దిబ్బ, కొన్ని రాళ్లు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ చూసేనాటికే రాళ్లు తవ్వుకుపోతున్నారు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా తర్వాత లండన్ వెళ్లాయి. ఇప్పుడు మన శిల్పాలు కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. లండన్ వెళ్లిన మన రాయిని మన పిల్లలు చూడాలంటే వీసా కావాలి.

నా పాత విద్యార్థిని ఒకామె లండన్‌లో చదువుతోంది. అడిగితే సెలవురోజు మ్యూజియంకు వెళ్లి, ఆ గదిలో నిలబడి ఫోన్‌తో చుట్టూ తిప్పి 360 ఫొటోలు తీసి పంపింది. రెండు అట్టపెట్టెలు, నా ఫోన్, మా ఆయన ఫోన్. అంతే నా సరంజామా. ఆ ఫొటోల్లో ఒక రాతిపలక మీద స్తూపం మొత్తం చెక్కి ఉంటుంది. కంచె, ద్వారాలు, సింహాలు, పైన గొడుగులు. ఆ పలకను పెట్టెలో దగ్గర్నుంచి చూశాక పిల్లలను మళ్లీ దిబ్బ దగ్గరికి తీసుకెళ్లాను. ఈసారి ఎవరూ "ఏది టీచర్" అని అడగలేదు. ఒకడు దిబ్బ చుట్టూ అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. "కంచె ఇక్కడిదాకా వచ్చి ఉంటుంది" అని చెప్పుతో గీత గీశాడు.

ముందు చోటు, తర్వాత పెట్టె, తర్వాత మళ్లీ చోటు. మాకు ఈ వరస కుదిరింది. దాతలు ఇచ్చేదాంట్లో ఒక 360 కెమెరా అడగండి మేడమ్. పిల్లలే తీస్తారు. చూడటం కన్నా తీయడంలో వాళ్లు ఎక్కువ ఆలోచిస్తారు, ఎక్కడ నిలబెట్టాలి, ఏది కనపడాలి అని.

జడల సంగతి కూడా చెప్పాలి. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకున్న ఆడపిల్లలకు ఆ పట్టీ తలకు సరిగ్గా కూర్చోదు. పేలు కూడా ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. నేను పట్టీలు తీసేసి చేత్తోనే పట్టుకోమంటాను. చెయ్యి నొప్పి పుట్టగానే దించేస్తారు, టైము కూడా అదే సరిపోతుంది.

నంద్యాల బయాలజీ టీచర్

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ నమస్కారాలు. అయిదు వారాలు ఆలస్యంగా వచ్చాను, ఎందుకంటే చేసి చూశాకే రాయాలనుకున్నాను.

ఆ ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లను అడిగితే గుండె ప్రోగ్రాం ఉన్న హెడ్‌సెట్ ఒకటి రెండు రోజులకు ఇచ్చారు. పదో తరగతి రెండు సెక్షన్లు, ‘ఏ’, ‘బీ’. ఏ సెక్షన్‌కు ముందు మేక గుండె, మర్నాడు హెడ్‌సెట్. బీ సెక్షన్‌కు ముందు హెడ్‌సెట్, మర్నాడు మేక గుండె. డెవలపర్ గారు చెప్పినట్టు సౌండ్ తీసేసి, ప్యానెల్ మీద అందరికీ కనిపించేలా పెట్టి, నేనే చెప్పాను.

బీ సెక్షన్‌లో మొదటి రోజు కేకలు, చప్పట్లు. పిల్లల సంతోషం చూసి నాకూ సంతోషంగానే ఉంది. కానీ వాళ్లు అడిగినవన్నీ యంత్రం గురించే. ఇందులో ఇంకేం ఉన్నాయి, గేమ్స్ ఉన్నాయా, ఎంతవుతుంది. గుండె గురించి ప్రశ్న రాలేదు.

ఏ సెక్షన్ వాళ్లు ముందురోజు మేక గుండెను చేత్తో పట్టుకున్నారు. కవాటం రెక్కలను కిందికి లాగి పట్టుకునే తెల్లని దారాల్లాంటి పోగులుంటాయి, వాటిని సూదితో ఎత్తి చూశారు. "ఇవి ఎందుకు మేడమ్?" అంటే, రేపు చూద్దాం అన్నాను. మర్నాడు హెడ్‌సెట్ పెట్టుకున్న మొదటి అబ్బాయి లోపలికి వెళ్లగానే పైకి చూస్తూ "మేడమ్, దారాలు!" అని అరిచాడు. గుండె ముడుచుకున్నప్పుడు ఆ దారాలు బిగుసుకుని, కవాటం రెక్కలు పైగదిలోకి తిరగబడకుండా ఆపడం ప్యానెల్ మీద అందరం చూశాం. నా ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది. మటన్ కొట్టు నుంచి వచ్చిన గుండె కొట్టుకోదు. హెడ్‌సెట్‌లోని గుండెను వేలితో నొక్కలేం. నేను ఇన్నేళ్లూ ఆగిపోయిన గుండెను చూపించి, కొట్టుకుంటున్నట్టు ఊహించుకోమంటున్నాను.

కుడి ఎడమల చిక్కుకు ఒక దారి దొరికింది. "నీ ఎడమ చెయ్యి ఏదో మరిచిపో. దారాలు కట్టి ఉన్న కవాటానికి రెక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు" అన్నాను. రెండుంటే ఎడమ జఠరిక, మూడుంటే కుడి. ఎటు తిరిగి నిలబడినా ఈ లెక్క మారదు. ఎగ్జిబిషన్‌లో తప్పు చెప్పిన అమ్మాయి ఈసారి తల పైకెత్తి, చేతివేళ్లతో లెక్కపెట్టుకుని, "రెండు మేడమ్, ఎడమ" అంది. హెడ్‌సెట్ తీయకముందే నేను ఆ పిల్ల తల నిమిరాను.

జంటలు కూడా బాగా కుదిరాయి. లోపల ఉన్నవాళ్లు చూసింది చెబుతుంటే, పక్కన కూర్చున్నవాళ్లు చార్టు మీద వేలితో ఆ దారి చూపించాలి. నాలుగు నిమిషాలు కాగానే ఆపి, ఇద్దరూ మూడు వాక్యాలు రాయాలి. అన్ని జంటల వంతూ ఒక్క పీరియడ్‌లో రాలేదు, ‘ఏ’ సెక్షన్‌కు అదనంగా పీరియడ్లు తీసుకోవాల్సి వచ్చింది. బీ సెక్షన్ వాళ్లు కూడా మేక గుండె చూశాక హెడ్‌సెట్ ఇంకోసారి కావాలని అడిగారు. ఈసారి ఎందుకో చెప్పి మరీ అడిగారు, దారాలు చూడాలని. అప్పటికి కాలేజీ వాళ్లకు తిరిగి ఇచ్చేశాను. అది నాకు ఇంకా బాధగానే ఉంది.

ఆప్టోమెట్రిస్ట్ గారు చెప్పినట్టు గమనిస్తూ ఉన్నాను. ఒక అబ్బాయి "అందరూ లోతు లోతు అంటున్నారు, నాకేం కనిపించట్లేదు" అన్నాడు. వాళ్ల నాన్న నాపరాళ్ల గనిలో పనిచేస్తారు. మాట్లాడి కంటి డాక్టర్ దగ్గరికి పంపించాను. ఎడమ కన్ను చూపు బాగా తక్కువగా ఉందట, అద్దాలు రాశారు. మళ్లీ రమ్మన్నారు.

1998 బ్యాచ్ వాళ్లకు ఉత్తరం రాశాను. పది హెడ్‌సెట్లు వద్దు, నాలుగు ఇవ్వండి, ఒక 360 కెమెరా, స్టాండ్ ఇవ్వండి, మిగిలిన డబ్బుతో రెండేళ్లపాటు పదో తరగతిని బేలుం తీసుకెళ్లే బస్సు ఖర్చు పెట్టండి అని. వాళ్ల మాట కాదన్నట్టు అవుతుందేమోనని రాసేటప్పుడు చెయ్యి ఆడలేదు. హెడ్‌సెట్ల ఆలోచన చెప్పిన ఆయనే ముందుగా ఫోన్ చేశారు. తాను మా ఊళ్లోనే పుట్టి పెరిగి బేలుం ఇంతవరకు చూడలేదని, పిల్లలతో పాటు బస్సులో వస్తానని అన్నారు.

చివరగా పల్నాడు మేడమ్ గారికి ఒక ప్రశ్న. మా తొమ్మిదో తరగతిలో చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి ఉంది. బేలుంలో మెట్లు దిగాలి, లోపల వంగి నడవాల్సిన చోట్లున్నాయి. ఆ అమ్మాయి పైదాకే రాగలదు. మిగతా పిల్లలు ఆమె కోసం లోపల 360 ఫొటోలు తీస్తామంటున్నారు. అనుమతి కోసం టూరిజం వాళ్లకు అర్జీ పెట్టాం. కెమెరాను నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తులో పెట్టమంటారా, లేక ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుంటే కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో కొలిచి అక్కడ పెట్టమంటారా? ఏది పెడితే తనకు నేను అక్కడ ఉన్నాను అనిపిస్తుంది?